మియగావ్ నుంచి జెర్సీ సిటీకి: ఆతే చేసిన డ్యూటీ

(నర్సుల దినోత్సవం సందర్భంగా గుంటూరులో నర్సింగ్ విద్యార్థుల ఎదుట ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, ట్యూటర్లకి, అమ్మాయిలకి, ఆ వెనక వరసలో సర్దుకుని కూర్చున్న అబ్బాయిలకి నమస్కారం. ఇవాళ నైటింగేల్ గురించి చెబుతానని అనుకుని ఉంటారు. ఆవిడ గురించి పొద్దున్నుంచి వింటూనే ఉన్నారు, దీపాలు కూడా వెలిగించారు. నేను ఇంకొకావిడ గురించి చెబుతాను. ఆవిడ పేరు ఏ పుస్తకంలోనూ లేదు. నేనూ చెప్పను. ఆవిడ ఇప్పటికీ ఉంది, పదిమందిలో తన పేరు వినపడడం ఆవిడకి ఇష్టం లేదు. ఫిలిపినోలు అక్కని ఆతే అంటారు. మా వార్డులో డాక్టర్లతో సహా అందరం ఆవిడని ఆతే అనే పిలిచేవాళ్లం. ఇవాళ కూడా అలాగే పిలుస్తాను.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో జెర్సీ సిటీ అని ఒక ఊరు. మీ బంధువులు ఎవరో ఒకరు ఆ చుట్టుపక్కల ఉండే ఉంటారు. అక్కడ న్యూఆర్క్ అవెన్యూకి వెళ్తే మన పచ్చళ్లు, మన చీరలు, అన్నీ దొరుకుతాయి. అదే ఊళ్లో మనీలా అవెన్యూ అని ఇంకో వీధి ఉంది. మనవాళ్లు ఎంతమందో, ఫిలిప్పీన్స్ వాళ్లు కూడా అంతలా పాతుకుపోయిన ఊరు అది. అక్కడి ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీకి వెళ్లి చూడండి, ఏ ఫ్లోర్‌లో చూసినా ఫిలిపినో నర్సులే.

అక్కడ ఉన్నన్నాళ్లూ నేను ఒక మాట మళ్లీ మళ్లీ విన్నాను. డాక్టర్లు అన్నారు, పేషెంట్ల బంధువులు అన్నారు, మన తెలుగువాళ్ల భోజనాల దగ్గర కూడా అన్నారు. "ఫిలిపినో నర్సులా? వాళ్లకి సేవాగుణం రక్తంలోనే ఉంటుందండీ" అని. మెచ్చుకోలుగానే అంటారు. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఎందుకు? రక్తంలో ఉన్నదానికి జీతం ఎందుకివ్వాలి, చెప్పండి? రక్తంలో ఉన్నదానికి సెలవెందుకు? చదువెందుకు? గౌరవమెందుకు? ఆవు పాలిచ్చినట్టు వాళ్లు సేవ చేస్తారు అన్నట్టే కదా ఆ మాట! రేపు మీరు జర్మనీ వెళ్తారు, దుబాయ్ వెళ్తారు, ఇంగ్లండు వెళ్తారు. మీ గురించి కూడా ఇదే మాట అంటారు. అందుకని ఆతే జీవితం మీకు కొంచెం వివరంగా చెప్పాలని వచ్చాను.

ఫిలిప్పీన్స్‌లో పనాయ్ అని ఒక దీవి. ఆ దీవిలో ఇలోయిలో అనే ప్రావిన్సు. అక్కడ సముద్రం ఒడ్డున మియగావ్ అనే ఊరు ఆవిడది. ఆ ఊళ్లో 1797లో కట్టిన చర్చి ఉంది, 1993లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చారు. గోడలు కోటగోడలంత మందం. సముద్రం మీద నుంచి దోపిడీకి వచ్చేవాళ్లుండేవారు, వాళ్లు వచ్చినప్పుడు ఊరంతా లోపలికి చేరి తలుపులు వేసుకోవడానికి అలా కట్టారు. ఆ చర్చి ముందు గోడ మీద పైన ఒక పెద్ద చెక్కడం. సెయింట్ క్రిస్టఫర్ బాలయేసును భుజాన ఎక్కించుకుని వాగు దాటుతుంటాడు. ఆయన పక్కన ఏ చెట్లున్నాయో తెలుసా? కొబ్బరి చెట్టు, బొప్పాయి, జామ! ఆ చెక్కినవాళ్లు తమ పెరట్లో చెట్లే దేవుడి పక్కన పెట్టుకున్నారు. నాకు ఆ ఫొటో చూపించి ఆతే ఎంత మురిసిపోయేదో.

వాళ్లమ్మ నేతపనిచేసేది. మియగావ్‌లో హబ్లోన్ అనే చేనేత గుడ్డ నేస్తారు. మంగళగిరి నుంచి వచ్చిన వాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ? ఉన్నారు కదా, మీకు మగ్గం ఇల్లంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో ఆరుగురు పిల్లలు, ఆతే పెద్దది. హాంకాంగ్‌లో ఇంటిపనికి వెళ్లిన పిన్ని డబ్బు పంపితే నర్సింగ్‌లో చేరింది. అంటే ఆవిడ నర్సు కావడం వెనక ముందే ఒక ఆడమనిషి సముద్రం దాటింది.

ఇక్కడ కాస్త చరిత్ర చెబుతాను. పరీక్షకి రాదు, అయినా వినండి.

1898లో స్పెయిన్ దేశం ఫిలిప్పీన్స్‌ని అమెరికాకి అప్పజెప్పింది. 2 కోట్ల డాలర్లు పుచ్చుకుని. అక్కడి జనాన్ని ఎవరూ అడగలేదు. వాళ్లు తిరగబడ్డారు, అమెరికాతో యుద్ధం జరిగింది, ఎంతోమంది పోయారు. సరిగ్గా ఆ 1898లోనే ఇక్కడ మన గుంటూరులో ఏం జరిగింది? డాక్టర్ అన్నా కుగ్లర్ గారి ఆసుపత్రి తెరిచారు. ఆవిడా అమెరికా నుంచే వచ్చింది, లూథరన్ మిషన్ తరఫున. ఇక్కడికి మిషన్ ఒక్కటే వచ్చింది, అక్కడికి సైన్యం, ప్రభుత్వం, మిషన్ మూడూ వచ్చాయి. ఇలోయిలో ఊళ్లో మిషన్ ఆసుపత్రిలో 1906లో నర్సింగ్ స్కూలు పెట్టారు. ఆ దేశంలో మొదటి నర్సింగ్ స్కూలు అది. మరుసటి ఏడాది మనీలాలో ఇంకొకటి. పాఠాలు ఇంగ్లీషులో. పుస్తకాలు అమెరికావి. పద్ధతులు అమెరికావి. తమ నర్సులకు సంఘం ఉండాలని 1922లో అనస్తాసియా గిరోన్ తూపాస్ అనే ఫిలిపినో నర్సు పూనుకుని నిలబెట్టింది.

తర్వాత 1948 నుంచి అమెరికా ఒక పథకం నడిపింది, విదేశీయులు రెండేళ్లు వచ్చి నేర్చుకుని వెళ్లొచ్చని. నేర్చుకోవడం పేరే గానీ చాలా ఆసుపత్రుల్లో మామూలు నర్సు చేసే పనంతా వాళ్లచేత చేయించి, స్టైపెండు చేతిలో పెట్టేవాళ్లు. 1965లో అమెరికా వలస చట్టం మారింది. ఇక అక్కడే స్థిరపడే దారి పడింది. ఇటు ఫిలిప్పీన్స్‌లో 1972లో అధ్యక్షుడు మార్కోస్ మార్షల్ లా, అంటే సైనిక పాలన పెట్టాడు. 1974లో కార్మిక చట్టం తెచ్చి మనుషుల్ని పనికి విదేశాలకు పంపడం సర్కారు పనిగా చేశాడు. డాలర్లు కావాలి కదా!

ఇప్పుడు చెప్పండి. ఇందులో రక్తం ఎక్కడుంది? స్కూళ్లున్నాయి, చట్టాలున్నాయి, అప్పులున్నాయి, పరాయి పాలనలో నేర్చిన భాష ఉంది. ఒక తరం కాదు, మూడు నాలుగు తరాల ఆడపిల్లలు కూర్చుని చదివిన చదువు ఉంది.

ఆతే 1981లో స్టూడెంట్ నర్సు. ఆ ఏడాది ఫిబ్రవరిలో పోప్ రెండో జాన్ పాల్ ఇలోయిలోకి వచ్చారు. అక్కడ హారో అనే పేటలో కొవ్వొత్తుల మాత అని పిలిచే మేరీమాత విగ్రహం ఉంది, ఆ ప్రాంతం మొత్తానికి ఆవిడే తల్లి. ఏటా ఫిబ్రవరి 2న పండగ. మీరు ఫిబ్రవరిలో గుణదల కొండకి జనం ఎలా పోటెత్తుతారో చూశారు కదా, అలాగే అక్కడా వస్తారు. పోప్ గారు స్వయంగా ఆ మాతకి కిరీటం పెట్టారు. ఆ జనంలో ఆతే ఉంది. యూనిఫాంలో ఉంది. ఎండకి సొమ్మసిల్లే వాళ్లకి నీళ్లు తాగించే డ్యూటీ పడింది ఆవిడకి. కిరీటం పెట్టడం కనపడలేదట! ఒక ముసలాయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉందట అప్పుడు. "బాధ వేయలేదా ఆతే" అని అడిగాను. "మాత చూస్తూనే ఉంది కదా, నేను చూడకపోతే ఏం" అంది.

చదువయ్యాక ప్రావిన్సు ఆసుపత్రిలో చేరింది, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఆయన ఓడల మీద ఇంజన్ గదిలో పని. ఇలోయిలో నుంచి నావికులు చాలామంది వెళ్తారు. ఇద్దరి జీతం కలిపినా తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఫీజులు, ఇంటి ఖర్చు సరిపోయేది కాదు. 1989లో అమెరికా నర్సుల కొరత తీర్చుకోవడానికి ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది, దాని కింద ఒక వీసా ఇచ్చారు. ఐదేళ్లే ఉంది అది, 1995లో ఆగిపోయింది. ఆ వీసా మీద 1991లో ఆతే వచ్చింది. ఏజెంటుకి కట్టడానికి అప్పు చేసింది. కూతురికి నాలుగేళ్లు, కొడుకుకి రెండు. ఇద్దర్నీ వాళ్లమ్మ దగ్గర వదిలింది.

ఇక్కడ తల్లులు కూడా కొంతమంది వచ్చారు, నాకు కనపడుతున్నారు. అమ్మా, ఆ మాట మీకు ఎలా వినపడుతుందో నాకు తెలుసు. రెండేళ్ల పిల్లాణ్ణి వదిలి వెళ్లిందా అని. నేను కూడా తల్లినే. కానీ ఆవిడ ఆ పిల్లల్ని ఎలా పెంచిందో కూడా వినండి.

అప్పట్లో ఫోన్ అంటే నిమిషానికి ఇంత అని కార్డు కొనుక్కోవాలి. మాట మొదలయ్యేలోపు డబ్బులైపోయేవి. అందుకని క్యాసెట్లు. మీరు చూసి ఉండరు, మీ అమ్మల్ని అడగండి. నైట్ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, టేపు రికార్డర్ ముందు కూర్చునేది. ఇవాళ వార్డులో ఏం జరిగింది, మంచు ఎలా పడింది, హోంవర్క్ చేశారా, పళ్లు తోముకున్నారా. ఆఖర్న జపమాల చెప్పేది. ఐదు పదుల జపమాల మొత్తం, సగం పంక్తి తను చెప్పి ఆగేది. ఎందుకు ఆగేది? మిగతా సగం అక్కడ పిల్లలు చెప్పాలి! ఆ ఖాళీ వదిలి రికార్డు చేసేది. పిల్లలు అమ్మమ్మ పక్కన కూర్చుని, టేపు వేసుకుని, అమ్మ ఆగిన చోట అందుకుని చెప్పేవాళ్లు. ఇది రక్తంలో ఉందంటారా? పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి కళ్లు మూతలు పడుతుంటే చేసిన పని అది.

పెట్టెలు కూడా. బాలిక్‌బయాన్ పెట్టెలు అంటారు, ఫిలిపినో ఇళ్లలో గది మూల ఎప్పుడూ ఒకటి తెరిచి ఉంటుంది. సబ్బులు, టూత్‌పేస్టు, డబ్బా మాంసం, చాక్లెట్లు, బూట్లు. నెలల తరబడి కొంచెం కొంచెం నింపుతారు. ఓడలో వెళ్తుంది, చేరడానికి వారాలు పడుతుంది. బూట్లు కొనేటప్పుడు ఆతే ఒక సైజు పెద్దవి కొనేది. పెట్టె చేరేసరికి కాలు పెరుగుతుంది కదా. ఆ సైజు కోసం వాళ్లమ్మ కాగితం మీద పిల్లల పాదం గీసి ఉత్తరంలో పంపేది.

పిల్లలు 1998లో వచ్చారు. కాగితాలు నడిచి నడిచి ఏడేళ్లు. నాలుగేళ్ల పిల్ల పదకొండేళ్ల పిల్ల అయ్యింది. సినిమాల్లో అయితే ఎయిర్‌పోర్టులో పరిగెత్తుకొచ్చి వాటేసుకుంటారు. ఆ పిల్ల వాటేసుకోలేదు. రాత్రి భయం వేస్తే అమ్మ గదికి వెళ్లేది కాదు, అమ్మమ్మకి ఫోన్ చెయ్యమని ఏడ్చేది. సంచి సర్ది మంచం కింద పెట్టుకుని ఉండేది చాలాకాలం, తిరిగి వెళ్లిపోవడానికి. ఆతే ఆ సంచి చూసింది, ముట్టుకోలేదు. "తనంతట తను తీయాలి, నేను తీస్తే నాది కాదు ఆ పిల్ల" అంది నాతో. ఆ పిల్ల తీసిందా? తీసింది. ఎప్పుడో హైస్కూల్లో. ఇప్పుడు వాళ్లిద్దరూ బాగుంటారు. అయినా ఆ ఏడేళ్లు వాళ్లకి తిరిగిరావు. వచ్చినట్టు నేను మీకు చెప్పను.

ఇక ఆవిడ పని. నేను ఆ వార్డులో చేరినప్పుడు ఆతే సీనియర్. నేను ఇక్కడ గుంటూరులో చదివి, అక్కడ పరీక్ష రాసి వెళ్లినదాన్ని. నాకు పని తెలుసనుకునేదాన్ని కూడా. ఒక రాత్రి పిత్తాశయం ఆపరేషన్ అయిన ఒకాయన. బీపీ బాగుంది, జ్వరం లేదు. ఆతే మంచం పక్కన నిలబడి వాచీ చూస్తూ ఆయన ఊపిరి లెక్కపెడుతోంది. మీరెలా లెక్కపెడతారు? నిజం చెప్పండి! పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తారు. నవ్వుతున్నారు, అంటే అదే. ఆవిడ నిమిషం మొత్తం లెక్కపెట్టింది. 26 వచ్చింది, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. డాక్టరుకి ఫోన్ చేసింది, నొప్పి వల్లేమో చూద్దాం అన్నాడు. మళ్లీ లెక్కపెట్టింది, మళ్లీ ఫోన్ చేసింది. మూడోసారి, "మీరు వస్తారా, నేను ర్యాపిడ్ రెస్పాన్స్ టీమ్‌ని పిలవనా" అని అడిగింది. గొంతు పెంచలేదు. ఆయన వచ్చాడు. రక్తపరీక్షల్లో సెప్సిస్, అంటే ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే ప్రమాదం, మొదలైనట్టు తేలింది, తెల్లారేలోపు ఐసీయూకి మార్చారు. ఆ పేషెంటు నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. వాళ్లావిడ ఆతే చెయ్యి పట్టుకుని, "మీరు దేవత" అంది. దేవత కాదమ్మా! నిమిషం మొత్తం లెక్కపెట్టిన నర్సు. అది నేర్చుకున్న విద్య.

దేవత అనే మాట ఎంత ప్రమాదమో చెబుతాను. 1975లో మిషిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ అనే ఊళ్లో మాజీ సైనికుల ఆసుపత్రిలో వరసగా పేషెంట్లకి ఊపిరి ఆగిపోవడం మొదలైంది, కొందరు చనిపోయారు. ఎవర్ని పట్టుకున్నారు? ఇద్దరు ఫిలిపినో నర్సుల్ని. ఫిలిపినా నార్సిసో, లియొనోరా పెరెజ్. వాళ్లు చేస్తుండగా చూసినవాళ్లు లేరు. అయినా 1977లో జ్యూరీ దోషులంది. దేశమంతటా ఫిలిపినోలు చందాలు వేసుకుని పోరాడారు. జడ్జి ఆ తీర్పు పక్కనబెట్టి మళ్లీ విచారించమన్నాడు, 1978లో కేసే ఎత్తేశారు. నిన్నటిదాకా సేవ రక్తంలో ఉందన్నవాళ్లే, ఒక్క రోజులో విషం కూడా ఉందన్నారు. మనిషిని మనిషిగా చూడకపోతే జరిగేది అదే. దేవతని చేసినా అంతే, దెయ్యాన్ని చేసినా అంతే.

ఇంకోటి. కాలిఫోర్నియాలో డెలానో అని ఊరుంది. 1965లో లారీ ఇట్లియాంగ్ అనే నాయకుడి వెంట ఫిలిపినో కూలీలు ద్రాక్షతోటల సమ్మె మొదలుపెట్టిన ఊరు. అదే ఊళ్లో ఒక ఆసుపత్రిలో ఫిలిపినో సిబ్బందిని తమ భాషలో మాట్లాడుకోవద్దని వెంటపడి వేధించారని ఫిర్యాదు అయింది. 2012లో ఆ ఆసుపత్రి రాజీకి వచ్చి 9,75,000 డాలర్లు కట్టాల్సి వచ్చింది. డబ్బై మంది దాకా ఉద్యోగులు నిలబడ్డారు దాని కోసం. వాళ్లు ఓర్పుగలవాళ్లండీ, నోరెత్తరండీ అంటారు చూడండి, వాళ్లకి ఈ సంగతి చెప్పండి.

భక్తి గురించి చెప్పకపోతే ఆతే గురించి చెప్పినట్టు కాదు. మా ఇంట్లో మేము వెంకటేశ్వరస్వామిని కొలుస్తాం, ఆవిడ క్యాథలిక్. ఒకరి దేవుడి గురించి ఒకరం వాదించుకోలేదు ఎప్పుడూ. నేను గమనించింది ఒకటే. ఆవిడకి భక్తి అంటే మనసు బాగున్నప్పుడు వచ్చే భావం కాదు. డ్యూటీలాగా టైముకి చేసే పని.

క్రిస్మస్‌కి ముందు తొమ్మిది రోజులు, డిసెంబర్ 16 నుంచి 24 దాకా, వాళ్ల దేశంలో తెల్లవారకముందే పూజ ఉంటుంది. సింబాంగ్ గబీ అంటారు. పొలం పనికి వెళ్లేవాళ్లు ముందు గుడికి వెళ్లి వెళ్లేలా పెట్టిన వేళ అది. మన ధనుర్మాసం కూడా ఆ రోజుల్లోనే కదా, చీకటితో లేచి తిరుప్పావై వింటాం. వాళ్లకి వెదురుతో, కాగితంతో చేసిన నక్షత్ర దీపాలు, పూజయ్యాక అరిటాకు వేసి కాల్చిన బియ్యప్పిండి రొట్టె, బిబింగ్కా. తొమ్మిదీ వదలకుండా చేస్తే కోరిక తీరుతుందని నమ్మకం. అమెరికాలో చాలా చర్చిల్లో పనివాళ్ల కోసం సాయంత్రం పెడతారు. మరి నైట్ డ్యూటీ వాళ్లు? ఫిలిపినో నర్సులందరూ నవంబర్‌లోనే కాగితం పెట్టుకుని కూర్చునేవాళ్లు, నువ్వు నాకు ఈ రోజు మారు, నేను నీకు ఆ రోజు మారతాను అని. ఆ కాగితంలో నన్ను కూడా చేర్చుకున్నారు, సంక్రాంతికి నాకు మారేవాళ్లు. తొమ్మిదీ పూర్తి చెయ్యడం ఆతేకి చాలా ఏళ్లు కుదర్లేదు. 1997లో కుదిరింది. 1998లో పిల్లలొచ్చారు. దానివల్లే వచ్చారని ఆవిడ అంటుంది. నేను కాదనను.

గుడ్ ఫ్రైడే రోజు ఉపవాసంతో పన్నెండు గంటలు చేసేది. బాలయేసు విగ్రహం, సాంతో నిన్యో అంటారు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వారానికొకసారి మారేది. ఎవరింట్లో ఉంటే అక్కడ జపమాల, తర్వాత భోజనం. నేనూ వెళ్లేదాన్ని. ఇలోయిలో వాళ్ల కూర ఒకటుంది, కందులు, పచ్చి పనసకాయ, పంది మాంసం కలిపి పుల్లగా వండుతారు. కందులు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది! నాకోసం మాంసం వెయ్యకుండా విడిగా కొంచెం వండి పెట్టేది.

పేషెంటు చనిపోతే మీకు నేర్పుతారు కదా, శరీరం శుభ్రం చేసి, ట్యూబులు తీసి, గుడ్డ చుట్టి పంపాలి. చాలామంది త్వరగా కానిచ్చేస్తారు, బెడ్డు కావాలి కదా. ఆతే ఆ పని చేసేటప్పుడు ఆ శరీరంతో మాట్లాడేది. "ఇప్పుడు ఎడమ పక్కకి తిప్పుతున్నానండీ. నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి." వినేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు. ఎవరి మతం ఏదో చార్టులో చూసి, తన ప్రార్థన మాత్రం మనసులోనే చెప్పుకునేది. పైకి అనేది కాదు. ఎదుటి మనిషి నమ్మకాన్ని చచ్చాక కూడా దాటకూడదు అనేది. ఇది మాత్రం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను, ఏ పుస్తకంలోనూ కాదు.

2020, కరోనా ఏడాది. మీలో చాలామంది అప్పుడు స్కూల్లో ఉండి ఉంటారు. న్యూజెర్సీ, న్యూయార్క్ రెండూ ఆ ఏప్రిల్‌లో ఎలా ఉన్నాయో టీవీలో చూసే ఉంటారు. ఆతేకి అప్పటికే అరవై దగ్గరపడ్డాయి. ఇంట్లో ఉండమని పిల్లలు బతిమాలారు. ఉండలేదు. గౌను లోపలికి జపమాల తీసుకెళ్లడానికి లేదు, బయటికి వస్తే పారెయ్యాలి. పది వేళ్లున్నాయి, పది ప్రార్థనలున్నాయి, రెండు జతల గ్లోవ్స్ కింద వేళ్ల మీదే లెక్కపెట్టుకునేది. ఫాదర్లని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. అందుకని ఫోన్ ప్లాస్టిక్ సంచిలో పెట్టి పేషెంటు చెవి దగ్గర పట్టుకునేది, అటునుంచి ఫాదర్, లేకపోతే భార్య, లేకపోతే పిల్లలు. చెయ్యి నొప్పెట్టేదాకా అలా పట్టుకునేది.

ఆ నెలలోనే మియగావ్‌లో వాళ్లమ్మ పోయింది. మగ్గం నేసిన అమ్మ, ఆ పిల్లలిద్దర్నీ పెంచిన అమ్మ. విమానాలు లేవు. వాళ్లలో మనిషి పోతే తొమ్మిది రాత్రులు ప్రార్థన చెయ్యాలి. ఆ తొమ్మిది రాత్రులూ వీడియో కాల్‌లో. అమెరికాలో పగలు, మియగావ్‌లో రాత్రి. డ్యూటీ దిగి వచ్చి కారులోనే కూర్చుని చేసేది, ఇంట్లోకి వెళ్లి బట్టలు మార్చేలోపు అక్కడ మొదలైపోతుందని. పక్క సీట్లో నేను కూర్చోవడానికి కూడా లేదు అప్పుడు. కారు బయట, అద్దానికి అవతల నిలబడేదాన్ని.

ఆ సెప్టెంబర్‌లో అమెరికా నర్సుల సంఘం, నేషనల్ నర్సెస్ యునైటెడ్, లెక్క బయటపెట్టింది. ఆ దేశంలో రిజిస్టర్డ్ నర్సుల్లో ఫిలిపినోలు 4 శాతం. కరోనాతో చనిపోయిన రిజిస్టర్డ్ నర్సుల్లో వాళ్లు 31.5 శాతం. మళ్లీ చెబుతాను. నాలుగు శాతం. ముప్ఫై ఒకటిన్నర శాతం. ఎందుకలా? వాళ్లు ఆఫీసు గదుల్లో లేరు. ఐసీయూలో ఉన్నారు, మెడికల్ వార్డుల్లో ఉన్నారు, మంచం పక్కన ఉన్నారు. ఆ ఏడాది డిసెంబర్ 8న ఇంగ్లండులో కోవెంట్రీ ఆసుపత్రిలో మొట్టమొదటి టీకా వేసిన నర్సు ఎవరు? మే పార్సన్స్. ఆవిడా ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినావిడే. టీకా వేసింది వాళ్లే, టీకా రాకముందు పోయింది వాళ్లే.

ఆతే ఆ తర్వాత రిటైరయింది. మోకాళ్లు అరిగిపోయాయి, పేషెంట్లని తిప్పీ తిప్పీ నడుం పోయింది. ఇప్పుడు ఏటా సెప్టెంబర్‌లో ఊరి పండగకి మియగావ్ వెళ్లి రెండు నెలలుంటుంది. అక్కడ నర్సింగ్ చదివే పిల్లలు ఇంటికొస్తే వాళ్లకి దేవుడి గురించి చెప్పదు. కాంట్రాక్టు కాగితం తెమ్మంటుంది.

ఎందుకో చెప్పి ముగిస్తాను. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో పదిమంది ఫిలిపినో నర్సులు ఉద్యోగం మానేశారు. చెప్పిన చోట పని ఇవ్వలేదు, చెప్పిన జీతం ఇవ్వలేదు అని. షిఫ్టు పూర్తి చేసే మానేశారు. వాళ్ల మీద ఏం పెట్టారో తెలుసా? క్రిమినల్ కేసు! పేషెంట్లని ప్రమాదంలో పడేశారని. వాళ్లకి సలహా ఇచ్చిన లాయరు మీద కూడా. 2009లో అప్పీలు కోర్టు ఆ కేసు ఆపేసింది. బానిసత్వాన్ని రద్దుచేసిన 13వ రాజ్యాంగ సవరణని గుర్తుచేసింది, మనిషి చేత బలవంతంగా పని చేయించడం కుదరదని. ఆ నర్సుల్ని పనిలోకి తెచ్చిన సంస్థ కాంట్రాక్టుల్లో, మధ్యలో మానేస్తే 25,000 డాలర్లు కట్టాలని ఒక షరతు. నర్సులు వదల్లేదు. 2019లో ఫెడరల్ కోర్టు ఆ షరతు చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. పదమూడేళ్లు పట్టింది.

కాబట్టి మీ కాగితంలో నాలుగు చోట్ల చూడాలి. పనిచేసే ఆసుపత్రి పేరు రాసి ఉందా, లేక ఎక్కడికి పంపితే అక్కడికి అని ఉందా. గంటలెన్ని. మానేస్తే ఎంత కట్టాలి. ఆ డబ్బు దేనికని రాశారు. మీ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు అసలువి ఎవరి దగ్గరుంటాయో అది నోటితో అడగండి, సమాధానం రాయించుకోండి. ఈ మూడో బెంచీలో అమ్మాయి ఇందాక ఏదో కవరు తీసింది, జర్మనీ కాగితాలేనా? తీసుకురామ్మా. ఇంకెవరైనా తెచ్చుకుంటే రండి. ట్యూటర్ గారూ, ఆ రెండు బల్లలు ఇటు జరిపిస్తారా, లైటు ఇక్కడ బాగుంది. నా బస్సుకి ఇంకా టైముంది, ఒక్కొక్క పేజీ కూర్చుని చదువుదాం.